తెర మీద పాఠం నడుస్తున్నప్పుడు టీచరు చేయవలసిన పని ఏమిటి? (విశాఖ ప్రాథమిక ఉపాధ్యాయుల చర్చ)

మధురవాడ ఎస్జీటీ

అందరికీ నమస్కారం. మధురవాడ వైపు ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 3వ తరగతికి బోధిస్తున్నాను. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం పనులలో భాగంగా మా గదికి స్మార్ట్ టీవీ వచ్చింది, పాఠాలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, పిల్లలకు అదంటే ఎంతో ఇష్టం. నా సందేహం తీసివేతల గురించి. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకునే తీసివేతల వీడియోను వాళ్ళు కన్నార్పకుండా చూస్తారు, అందులోని గొంతుతో పాటు మెట్లన్నీ వల్లిస్తారు. అది అయిపోయాక 52 నుంచి 27 తీసివేయమంటే సగానికి పైగా పలకల మీద 35 కనిపిస్తుంది. టీవీ రాకముందు కూడా ఇదే జవాబు వచ్చేది. ఇప్పుడు అదే జవాబును మరింత ధీమాగా పైకెత్తి చూపిస్తున్నారు, అంతే తేడా.

టీవీ కట్టేయమని గానీ, ఫలానా యాప్ వేసుకోమని గానీ చెబితే నాకు పెద్దగా ఉపయోగపడదు. ఆ ఒక్క పీరియడ్‌లో, తెర ముందు నిలబడి నేను ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

గాజువాక లెక్కల మాస్టారు

అమ్మా, ముందు మీరు ఇచ్చిన లెక్కను ఒకసారి చూద్దాం. 52 − 27లో 35 రావడానికి రెండు దారులున్నాయి. మొదటి రకం పిల్లవాడికి అప్పు అనే ఆలోచనే లేదు. ఒకట్ల స్థానంలో 2, 7 కనిపించగానే పెద్దదానిలోంచి చిన్నది తీసి 5 వేస్తాడు. రెండో రకం పిల్లవాడు అప్పు తెచ్చాడు, 12లోంచి 7 తీసి 5 సరిగానే వేశాడు, కానీ పదుల స్థానంలో 5ను 4గా మార్చడం మరిచి 3 వేశాడు. ఇద్దరి పలకల మీదా 35 ఉంటుంది, ఇద్దరి అవసరాలూ వేరు. మొదటివాడికి స్థాన విలువ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. రెండోవాడికి సంగతి చాలా వరకు తెలుసు, ఒక మెట్టు దగ్గర జారుతున్నాడు.

అందుచేత 61 − 34 ఇచ్చి చూడండి. పెద్దదానిలోంచి చిన్నది తీసేవాడు 33 రాస్తాడు. అప్పు తెచ్చి తగ్గించడం మరిచినవాడు 37 రాస్తాడు. ఒకటిలోంచి నాలుగు పోదు కనుక సున్నా అనుకునేవాడు 30 రాస్తాడు. సరైన జవాబు 27. అందరినీ ఒకేసారి పలకలు ఎత్తమంటే ఎవరు ఎక్కడ ఉన్నారో నిమిషంలో తెలిసిపోతుంది. ఆ తరువాతే ఏ వీడియో, ఎక్కడ ఆపాలి అనే ప్రశ్న వస్తుంది.

మరొక మాట. 58 − 23 లాంటి లెక్కల్లో తప్పు పద్ధతికి కూడా సరైన జవాబే వస్తుంది. ట్యాబులో అభ్యాసాలు చేసి పదికి ఆరు తెచ్చుకున్న పిల్లవాడిని చూసి మనం సంతోషిస్తాం గానీ, ఆ ఆరూ అప్పు అవసరం లేని లెక్కలే కావచ్చు.

ఋషికొండ సాఫ్ట్‌వేర్ నాన్న

నేను ఉపాధ్యాయుణ్ణి కాను, ఇద్దరు పిల్లల తండ్రిని. సెలవు దినాల్లో ఒక బడికి వెళ్ళి కంప్యూటర్ల సంగతి చూస్తుంటాను. మాస్టారు గారు చెప్పిన తప్పుల విశ్లేషణనే మంచి సాఫ్ట్‌వేర్ చేయగలదు. ఏ తప్పు జవాబు నొక్కాడో నమోదు చేసుకుని, దానికి తగిన తరువాతి ప్రశ్న ఇవ్వడమే అనుసరణ విధానం అంటే. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే అటువంటి సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. నాలుగున్నర నెలల్లోనే గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర అదనపు ప్రగతి కనిపించింది. ముప్పై మంది ముప్పై స్థాయిల్లో ఉన్న తరగతిలో ఒక టీచరు అందరినీ విడివిడిగా పట్టించుకోవడం సాధ్యమా? అక్కడ యంత్రం సాయం తీసుకోవడంలో నామోషీ ఏముంది?

భీమిలి విశ్రాంత హెచ్.ఎం.

నామోషీ ఏమీ లేదు నాయనా. అయితే యంత్రం బడిలోకి రావడం ఇది మొదటిసారి కాదు, కనుక పాత సంగతులు కొన్ని గుర్తు చేస్తాను. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు పంపారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, తెలుగులోనూ ప్రసారాలు వచ్చాయి. ఉదయం పూట బడి పిల్లలకు, సాయంత్రం ఊరివాళ్ళకు. ఆ తరువాత ఆకాశవాణిలో "విందాం నేర్చుకుందాం" వచ్చింది. అందులో రేడియో గొంతు ప్రశ్న అడిగి కాసేపు ఆగేది. ఆ ఖాళీలో పిల్లలు జవాబు చెప్పాలి, టీచరు గదిలో తిరుగుతూ వినాలి. నా దృష్టిలో ఇప్పుడు వస్తున్న చాలా వీడియోల కన్నా ఆ రేడియో పాఠం నయం, ఎందుకంటే పిల్లవాడి వంతు వచ్చేవరకు అది ఆగేది.

1980ల చివర్లో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్యా పథకం, ఏపీపెప్ అనేవాళ్ళం, పెద్ద ఎత్తున నడిచింది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగా కూర్చోవాలి, ఒక్కొక్కరి తేడాలను గమనించాలి, వాళ్ళ పనిని గోడ మీద పెట్టాలి, చుట్టుపక్కల దొరికేవి వాడాలి అన్నవి అందులోని సూత్రాలు. నేను చెప్పేది ఒక్కటే: ఆ సూత్రాలకు టీవీ పనికివస్తుందా లేక వాటి స్థానంలో కూర్చుంటుందా అన్నది చూసుకోండి. టీవీ వచ్చిన గదుల్లో గోడ మీది పిల్లల బొమ్మలు, చార్టులు ముందుగా మాయమవుతున్నాయి. తెర కోసం చోటు కావాలి కదా!

ఎం.ఎడ్. విద్యార్థిని, చినవాల్తేరు

హెచ్.ఎం. గారు అడిగిన ప్రశ్ననే నేరుగా పరీక్షించిన అధ్యయనం ఒకటి ఉంది. గుజరాత్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే బడుల్లో 2, 3 తరగతుల పిల్లలకు గణితం కోసం కంప్యూటర్లు పెట్టి, లీ లిండెన్ అనే ఆర్థికవేత్త 2008లో ఫలితాలు రాశారు. బడి వేళల్లో, మామూలు బోధన సమయాన్ని తీసుకుని కంప్యూటర్ నడిపినచోట పిల్లలు మిగతావారి కన్నా 0.57 ప్రామాణిక విచలనాలు వెనకబడ్డారు. అదే కార్యక్రమాన్ని బడి వేళలకు బయట అదనంగా నడిపినచోట 0.28 మేర ముందుకు వెళ్ళారు. రెండుచోట్లా వాడింది ఒకే కార్యక్రమం. టీచరు సమయాన్ని తినేసిందా, దానికి తోడైందా అన్నదే తేడా. ఆ బడుల్లో బోధన అప్పటికే బాగుండేదన్న విషయం కూడా మరువకూడదు. బోధనే సరిగా జరగనిచోట ఇదే ఫలితం వస్తుందని అనుకోనక్కరలేదు.

అంతకుముందు వడోదరలో 4వ తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు చొప్పున కూర్చోబెట్టి లెక్కల ఆటలు ఆడించారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరో ఇద్దరు కలిసి 2007లో ప్రచురించిన వ్యాసం ప్రకారం రెండో సంవత్సరంలో గణితంలో 0.47 మేర లాభం వచ్చింది. కార్యక్రమం ఆగిన ఏడాదికి అందులో చాలా భాగం కరిగిపోయి 0.1 దగ్గర మిగిలింది. పెరూలో పల్లె బడుల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచినప్పుడైతే గణితం, భాషల్లో చెప్పుకోదగిన మార్పే రాలేదు.

ఋషికొండ అన్నయ్య చెప్పిన ఢిల్లీ అధ్యయనం గురించి రెండు వివరాలు కలపాలి. అది 6 నుంచి 9 తరగతుల పిల్లలతో, బడి తరువాత కేంద్రాల్లో జరిగింది. 90 నిమిషాల్లో సగం సాఫ్ట్‌వేర్‌కు, మిగతా సగం చిన్న బృందాల్లో మనిషి చేసే బోధనకు కేటాయించారు. ఎనిమిదేళ్ళ పిల్లలకు, బడి వేళల్లో, ముప్పై మందికి ఒకే టీవీ ఉన్న గదికి ఆ అంకెను నేరుగా తెచ్చి అతికించలేము.

ఋషికొండ సాఫ్ట్‌వేర్ నాన్న

ఒప్పుకుంటున్నాను, సందర్భం వేరు. కానీ ఒక్క టీవీతో కూడా ఆ పని కొంత చేయవచ్చని నాకు అనిపిస్తోంది. మాస్టారు గారు చెప్పిన 33, 37, 30 అనే మూడు తప్పులకు మూడు చిన్న ముక్కలు ఉంటే, పలకలు చూశాక టీచరు ఏది కావాలో అది పెట్టుకోవచ్చు. పూర్తి వీడియో నడపవలసిన అవసరమే లేదు.

పెందుర్తి తల్లి

మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాప 2వ తరగతి. బడిలో టీవీ, ఇంటికి వచ్చాక వాట్సాప్‌లో హోమ్‌వర్క్, పైగా వీడియో చూసి రమ్మంటారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్ళ నాన్నతో డ్యూటీకి వెళుతుంది. రాత్రి ఎనిమిదికి ఫోను వచ్చాక నిద్రకళ్ళతో చూస్తుంది. కళ్ళ సంగతి ఎవరైనా చెప్పగలరా?

ఎం.ఎడ్. విద్యార్థిని, చినవాల్తేరు

అక్కా, కరోనా కాలంలో కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో ప్రజ్ఞాత పేరుతో ఇచ్చిన మార్గదర్శకాల్లో 1 నుంచి 8 తరగతులకు ఆన్‌లైన్ పాఠాలు రోజుకు రెండు విడతలకు, విడతకు 30 నుంచి 45 నిమిషాలకు మించరాదని ఉంది. బడులన్నీ మూతపడిన రోజుల్లోనే ఆ హద్దు పెట్టారంటే, పిల్లలు రోజంతా బడిలో ఉండి వచ్చాక ఇంటి దగ్గర వీడియో తప్పనిసరి చేయడం సబబు కాదని టీచరు గారితో మీరు ధైర్యంగా మాట్లాడవచ్చు. కళ్ళ విషయంలో ఆరుబయట వెలుతురు ముఖ్యమని చైనాలోని గ్వాంగ్‌జౌలో 1వ తరగతి పిల్లల మీద జరిపిన అధ్యయనం చెబుతోంది. రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపిన పిల్లల్లో మూడేళ్ళలో హ్రస్వదృష్టి (దూరంలోనివి మసకగా కనిపించడం) వచ్చినవారు 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం. పాపను సాయంత్రం ఆడుకోనివ్వండి. చూపు మీద అనుమానం ఉంటే డాక్టరుకు చూపించండి, ఇక్కడి మాటలతో సరిపెట్టుకోకండి.

పద్మనాభం ఏకోపాధ్యాయుడు

పెద్దలు చెబుతున్నవి బాగానే ఉన్నాయి గానీ, ఐదు తరగతులకు ఒక్కడే మాస్టారు ఉన్న బడి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నేను 4, 5 తరగతుల వాళ్ళకు భాగహారం చెప్పేటప్పుడు 1, 2 తరగతుల పిల్లలు ఏం చేయాలి? అక్షరాల పాట పెడతాను. అది బోధన సమయాన్ని తినేస్తోందని పరిశోధకులు అనవచ్చు, ఆ సమయంలో వాళ్ళకు బోధనే లేదన్నది నా మాట. దీనికి తోడు హాజరు ఒక యాప్‌లో, మధ్యాహ్న భోజనం లెక్క మరో చోట, మరుగుదొడ్ల ఫొటోలు ఇంకో చోట ఎక్కించవలసి వచ్చేది. డిజిటల్ పరిజ్ఞానం బోధనకు ఎంత పనికొచ్చిందో తెలియదు గానీ, నా బోధన గంటల్లో మాత్రం తన వాటా తీసుకుంది.

భీమిలి విశ్రాంత హెచ్.ఎం.

మీ మాట న్యాయం. మీ బడిలో ఆ పాట వద్దనే హక్కు ఎవరికీ లేదు. అయితే పాట నడిచే చోట ఒక 5వ తరగతి పిల్లను కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం రాగానే ఆపి, ఆ అక్షరంతో మొదలయ్యే తమ వీధిలోని వస్తువు పేరు చిన్నవాళ్ళ చేత చెప్పించే పని అప్పగించండి. ఆపే బటను ఆ పిల్ల చేతిలో ఉండాలి. రోజుకొకరిని మారిస్తే ఎవరి చదువూ చెడదు. శబ్దం తగ్గించి పెట్టండి, లేకపోతే భాగహారం వాళ్ళు కూడా పాటే పాడతారు.

మల్కాపురం టీచర్

నేను ఇంకొక కష్టం చెప్పాలి. మా దగ్గర పోర్టు పనులకు, ఫ్యాక్టరీలకు వచ్చిన కుటుంబాల పిల్లలు ఉన్నారు. ఇంట్లో ఒడియా, హిందీ మాట్లాడతారు, బడిలో తెలుగు, వీడియోలో మాత్రం గబగబా ఇంగ్లీషు. పాఠ్యపుస్తకాలు ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఇంకొకటిగా ద్విభాషా పద్ధతిలో వస్తున్నాయి కనుక పుస్తకంతో ఇబ్బంది లేదు, పిల్లవాడు తన వేగంతో పక్క పేజీలోకి చూసుకుంటాడు. వీడియో అలా ఆగదు. అందుకని నేను శబ్దం పూర్తిగా తీసేస్తాను. బొమ్మలు నడుస్తుంటే మొదట నేను తెలుగులో చెబుతాను, రెండోసారి పిల్లల చేత చెప్పిస్తాను. ఒడియా పిల్లలు మొదట తమ భాషలోనే గుసగుసలాడుకుంటారు, నేను వద్దనను. ఆ తరువాత వాళ్ళలో ఒకరు తెలుగులో చెబుతారు. మాటలు వాళ్ళవైతే, మధ్యలో ఏ మెట్టు వదిలేశారో నా చెవికి దొరుకుతుంది.

చదవడం విషయంలో మాత్రం శబ్దం ఉంచుతాను, అక్షరాలు కూడా ఉండాలి. పాట పాడే భాషలోనే కింద అక్షరాలు నడిపితే చదువు రాని ప్రేక్షకులకు కూడా చదివే అలవాటు పెరుగుతుందని బ్రిజ్ కొఠారి అనే పరిశోధకుడు 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో మొదలుపెట్టి చూపించారు. తెలుగు పాటకు తెలుగు అక్షరాలే ఉండాలి, ఇంగ్లీషువి కాదు. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని తెర మీద పెద్దగా చూపించి వేలితో గీస్తూ అందరం కలిసి చదువుతాం. ఇరవై పుస్తకాలు కొనలేని బడికి ఇది నిజమైన లాభం. టీవీ వల్ల నాకు కలిగిన మేలు ఏదంటే ముందుగా దీన్నే చెబుతాను.

గాజువాక లెక్కల మాస్టారు

మల్కాపురం టీచర్ గారి పద్ధతిని తీసివేతలకు కూడా వాడవచ్చు. శబ్దం తీసేసి చూపిస్తే, వల్లించడానికి పిల్లలకు గొంతు దొరకదు, చూసింది చెప్పక తప్పదు. దానితో పాటు ప్రతి ఇద్దరి మధ్యా చీపురుపుల్లల కట్టలు ఉండాలి. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు. 61 అంటే ఆరు కట్టలు, ఒక విడి పుల్ల. తెర మీద కట్ట విప్పే ముందు ఆపండి. ఒక్క పుల్లలోంచి నాలుగు ఇవ్వగలమా అని అడగండి. పిల్లలు తమ చేతిలోని కట్ట విప్పాక, ఇప్పుడు కట్టలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చెప్పమనండి. విప్పిన కట్ట కళ్ళ ముందు లేకుండా పోతుంది కనుక ఆరు అని చెప్పడం కష్టం. తెర మీది కట్టను పిల్లవాడు విప్పలేడు; వేరేవాళ్ళు విప్పుతుంటే చూస్తాడు.

మధురవాడ ఎస్జీటీ

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారు చెప్పినట్టు 61 − 34 ఇచ్చి పలకలు ఎత్తించాను. 33 ఎక్కువగా వస్తుందనుకున్నాను గానీ అలా రాలేదు, తప్పు రాసినవారిలో ఎక్కువమంది 37 రాశారు. అంటే అప్పు తేవాలన్న సంగతి వాళ్ళకు వీడియో నుంచే అందింది. 6 కొట్టేసి 5 వేసే మెట్టు అందలేదు. వీడియోను మళ్ళీ చూస్తే కారణం కనిపించింది. కట్ట విప్పే బొమ్మ రంగులతో, చప్పుడుతో చాలాసేపు నడుస్తుంది. పదుల అంకెను కొట్టివేసే గీత మాత్రం రెప్పపాటులో మూలన పడి మాయమవుతుంది, అప్పటికే గొంతు తరువాతి మెట్టులోకి వెళ్ళిపోతుంది. బొమ్మ ఎక్కడ మెరిసిందో పిల్లల కళ్ళు అక్కడే ఉండిపోయాయి.

33 రాసిన కొద్దిమందిని కిటికీ పక్కన కూర్చోబెట్టి పుల్లలతో 20 లోపు లెక్కల నుంచి మొదలుపెట్టాను. వాళ్ళకు ప్రస్తుతం టీవీ అవసరం లేదు. 37 వాళ్ళకు వీడియో పనికివస్తుంది గానీ, ఆ గీత దగ్గర ఆపడం రిమోట్‌తో సాధ్యం కావడం లేదు. ఆపేలోపు దాటిపోతోంది.

ఋషికొండ సాఫ్ట్‌వేర్ నాన్న

అది చాలా చిన్న పని మేడమ్. గీత పడే క్షణాన్ని నిలిచిపోయిన బొమ్మగా చేసి, అక్కడ వీడియోను రెండు ఫైళ్ళుగా విడగొడతాను. మొదటి ఫైలు ఆ బొమ్మ దగ్గర ఆగిపోతుంది, మీరు నొక్కేవరకు రెండోది మొదలవదు. కావాలంటే గొంతు లేని ప్రతి కూడా ఒకటి చేస్తాను. వీడియోలోని అంకెలే 52, 27 అయితే వాటిని మాత్రం నేను మార్చలేను, 61 − 34ను మీరు బోర్డు మీద చేయించవలసిందే.

మధురవాడ ఎస్జీటీ

వీడియోలో ఉన్నవి 43, 18. మాస్టారు గారూ, ఇది కూడా అదే ఇబ్బంది కదా? 8లోంచి 3 తీస్తే 5, 13లోంచి 8 తీసినా 5.

గాజువాక లెక్కల మాస్టారు

అదే ఇబ్బంది. ఒకట్ల స్థానంలో తేడా 5 ఉన్న ప్రతిచోటా ఇది వస్తుంది. వీడియోను చూపించడానికి వాడండి, పరీక్షించడానికి అందులోని లెక్క వద్దు. 72 − 48, 81 − 35, 90 − 26 రాసి పెట్టుకోండి. వీటిలో తేడా 6, 4, 6 కనుక ఏ తప్పుకు ఆ జవాబు విడిగా తెలుస్తుంది. సున్నా ఉన్న చివరిదాన్ని మాత్రం మిగతా రెండూ కుదిరాకే ఇవ్వండి.